హైదరాబాద్–విజయవాడ హైవే ఆరు వరుసలైతే ప్రాణాలు నిలుస్తాయా?

మూసీ_గట్టు | ఆదివారం రాత్రి 10:12

పండక్కి ఊరెళ్లి ఇవాళే తిరిగొచ్చాను. మాది నకిరేకల్ దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. మామూలు రోజుల్లో ఎల్బీ నగర్ నుంచి ఇంటికి రెండు గంటలు. భోగి ముందురోజు ఐదున్నర గంటలు పట్టింది. అందులో సగం పెద్ద అంబర్‌పేట దాటేలోపే అయిపోయింది.

మల్కాపూర్ నుంచి విజయవాడ దాకా నాలుగు వరుసల రోడ్డును ఆరు చేయడానికి సన్నాహాలు జరుగుతున్నాయి. మా ఊళ్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నాకూ సంతోషమే. కానీ 2012 చివర్లో నాలుగు వరుసలు పూర్తయినప్పుడు కూడా ఇలాగే సంతోషపడ్డాం. అంతకుముందు రెండు వరుసల తొమ్మిదో నంబరు హైవే మీద ఎదురెదురుగా గుద్దుకుని పోయేవాళ్లు. మధ్యలో డివైడర్ వచ్చాక అవి బాగా తగ్గాయి. చావులు మాత్రం ఆగలేదు. ఇప్పుడు రోడ్డు దాటేవాళ్లు పోతున్నారు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులవాళ్లు పోతున్నారు, రాత్రిపూట ఆగి ఉన్న లారీ కిందికి కార్లు దూరిపోతున్నాయి.

మా చిన్నాయన డివైడర్ సందులోంచి సైకిల్ తోసుకుంటూ దాటుతుంటేనే పోయాడు. అవతలి వైపు మా చెలక. రోజూ దాటే చోటే.

అందుకే అడుగుతున్నా. ఇంకో రెండు వరుసలు వేస్తే రద్దీ తగ్గుతుందా? ప్రమాదాలు తగ్గుతాయా? ఈ రెండూ ఒకే పనితో అయ్యేవేనా? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం ఇక్కడికి తేవద్దు.

గొల్లపూడి_సరుకు | ఆదివారం రాత్రి 10:41

మీ చిన్నాయన గారి సంగతి విని బాధేసిందండీ.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆరు వరుసలు ఇప్పటికే ఆలస్యం. నాది గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో వ్యాపారం, వారానికి రెండు బండ్లు హైదరాబాద్ నుంచి సరుకు వస్తుంది. రాత్రి బయల్దేరిన బండి తెల్లారేసరికి దిగుమతి కావాలి. ఎక్కడో ఒకచోట లారీ బోల్తా పడిందంటే ఉన్న రెండు వరుసల్లో ఒకటి మూసుకుపోతుంది, మిగిలిన ఒక్క వరుసలోంచి అందరూ దూరాలి. మూడో వరుస ఉంటే అలా పీక పిసికినట్టు ఉండదు కదా?

విభజన చట్టం పదమూడో షెడ్యూల్లోనే కొత్త రాజధాని నుంచి హైదరాబాద్‌కి వేగంగా వెళ్లే రోడ్డు, రైలు మార్గాలు ఉండాలని రాశారు. అది 2014 మాట. రెండు రాష్ట్రాలకీ ఇంతకంటే ముఖ్యమైన రోడ్డు ఏముంది? ప్రశ్నలు వేసుకుంటూ కూర్చుంటే ఇంకో పదేళ్లు గడిచిపోతాయి.

మూసీ_గట్టు | ఆదివారం రాత్రి 10:55

వద్దనట్లేదండీ. వేసేటప్పుడే సరిగ్గా వేయించుకోవాలని అడుగుతున్నా. నాలుగు వరుసలప్పుడు సర్వీసు రోడ్డు లేని ఊళ్లకి ఈ రోజుకీ సర్వీసు రోడ్డు లేదు.

రిటైర్డ్_ఇంజనీర్ | సోమవారం ఉదయం 6:30

ముప్పై ఏళ్లు రోడ్ల పనిలో ఉన్నాను. ఈ రోడ్డు మీద పని చేయలేదు కానీ ఇలాంటివి చాలా చూశాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రోడ్డు మీద బండ్లను మేం తలలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టం. కారు ఒకటి అనుకుంటే బస్సుకీ లారీకీ మూడు, పెద్ద ట్రెయిలర్‌కి నాలుగున్నర, ట్రక్కు తగిలించిన ట్రాక్టర్‌కి కూడా నాలుగున్నర. రోడ్డుని అది ఆక్రమించే తీరు అంత అన్నమాట. అందుకని పది ట్రాక్టర్లు నెమ్మదిగా పోతున్నా నలభై అయిదు కార్లున్నట్టే. జగ్గయ్యపేట, మేళ్లచెర్వు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల బండ్లన్నీ ఎక్కేది ఈ రోడ్డే. ఈ లెక్కన గొల్లపూడి మిత్రుడు అన్నది నిజం, మూడో వరుస అవసరమే. నెమ్మదిగా పోయే బండ్లకి ఒక వరుస వదిలేస్తే మిగతావాళ్లు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి పాముల్లా మెలికలు తిరగక్కర్లేదు.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. ఒక వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. ఇవాళ డివైడర్‌కి చేరడానికి మనిషి రెండు వరుసలు, అంటే ఏడు మీటర్లు దాటాలి. మామూలు నడకన ఆరు సెకన్లు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 28 మీటర్లు వస్తుంది, అంటే ఆ ఆరు సెకన్లలో 160 మీటర్ల పైన. మూడు వరుసలైతే పదిన్నర మీటర్లు, సుమారు తొమ్మిది సెకన్లు. కారు 240 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. నెత్తిన గడ్డిమోపుతో వచ్చే పెద్దామెకి పదమూడు సెకన్లు పడుతుంది. ఆమె అడుగు వేసేటప్పుడు ఆ కారు మూడు వందల అరవై మీటర్ల అవతల ఉంటుంది. రాత్రి పూట అంత దూరంలోని హెడ్‌లైటు చూసి అది ఎంత వేగంగా వస్తోందో ఎవరు చెప్పగలరు?

వెడల్పు చేయడం వల్ల బండ్లకి ప్రమాదం తగ్గుతుంది. దాటే దారి కట్టకుండా వెడల్పు చేస్తే మనుషులకి పెరుగుతుంది.

కోదాడ_రాత్రిబస్సు | సోమవారం ఉదయం 7:05

ఆ చివరి రెండు వాక్యాలు మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను సార్.

ముకుందాపురం_టీచర్ | సోమవారం ఉదయం 8:20

ఇంజనీర్ గారూ, మీ పదమూడు సెకన్ల లెక్క నేను రోజూ కళ్లతో చూస్తున్నాను. బడి ఒకవైపు, ఊళ్లో సగం ఇళ్లు ఇంకోవైపు. పొద్దున ఎనిమిదిన్నరకి నేనూ ఇంకో టీచరూ రోడ్డు పక్కన నిలబడి పిల్లల్ని దాటిస్తాం. చేతులు పట్టించి వరుసగా నడిపిస్తాం. రెండో తరగతి పిల్లలు మధ్యలోకి వెళ్లాక భయపడి వెనక్కి పరిగెత్తుతారు, అదే అసలు ప్రమాదం. వర్షాకాలంలో గొడుగు అడ్డమొచ్చి బండి కనపడదు.

ఈ రోడ్డు మీద పదిహేడు బ్లాక్ స్పాట్లు, అంటే ప్రమాదాలు పదేపదే జరిగే చోట్లు, గుర్తించి 2024లో పనులు మొదలుపెట్టారు. చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల, కట్టంగూరు, ఇనుపాముల, టేకుమట్ల, సూర్యాపేట దగ్గర జనగాం క్రాస్ రోడ్డు, దురాజ్‌పల్లి, మా ముకుందాపురం, ఆకుపాముల, కొమరబండ, రామాపురం క్రాస్ రోడ్డు, అవతల నవాబ్‌పేట ఇలా. ఆ పేర్లు పేపర్లో చూసినప్పుడు ప్రతి పేరు వెనకా ఎవరో ఒకరి ముఖం గుర్తొచ్చింది.

నా విన్నపం ఒక్కటే. ఆరు వరుసల పని పేరు చెప్పి ఈ చిన్న పనులు వాయిదా వేయకూడదు. "ఎలాగూ మొత్తం తవ్వుతాం కదా, అప్పుడు చూద్దాం" అనే మాట ఎన్నోసార్లు విన్నాను. ఆ "అప్పుడు" వచ్చేలోపు మా బడిలో రెండు బ్యాచులు పదో తరగతి దాటిపోతాయి.

ఆకుపాముల_రైతుబిడ్డ | సోమవారం మధ్యాహ్నం 1:15

టీచరమ్మకు నమస్తే. మాది పక్కూరే.

రాంగ్ రూట్ల వస్తరని మా ట్రాక్టరోళ్లను అందరు తిడతరు. నేను వచ్చిన, ఒప్పుకుంట. ఎందుకొచ్చిన్నో గూడ ఇనండ్రి. పొలం రోడ్డుకు అవతల, ఇల్లు ఇవతల. సక్కగ పోవాల్నంటే దూరంగ ఉన్న యూటర్న్ దాక పోయి, మళ్ల అంత దూరం ఎనక్కి రావాలె. వడ్ల బస్తాలతోని, కోతలప్పుడు దినానికి పది తిరుగుళ్లు. డీజిల్ సంగతి పక్కన పెట్టు, ఆ యూటర్న్ కాడ ట్రాక్టర్ తిప్పుడే పెద్ద గండం. ట్రక్కు తోక ఫాస్ట్ లైన్ల ఉంటది, ముందలి భాగం అవతలి లైన్ల ఉంటది. అంతకంటె ఎడమ అంచు పట్టుకుని ఎదురు పోవుడే నయమనిపిస్తది. తప్పే. గాని దారి జూపెట్టకుండ తప్పు తప్పంటే ఎట్ల?

2014 డిసెంబర్ల హరికృష్ణ కొడుకు నందమూరి జానకిరామ్ పోయింది మా ఆకుపాముల కాడనే, కారు ట్రాక్టర్‌కు తగిలి. దేశమంత సూసింది. పెద్దోళ్లు పోతె వార్తైతది. మావోళ్లు గదే జాగల పోయిండ్రు, ముందు గూడ, తర్వాత గూడ.

నాకు ఆరు లైన్లు గాదు, ట్రాక్టర్ పట్టేంత అండర్‌పాస్ కావాలె. మనిషి వంగిపోయేది గాదు. గడ్డి లోడుతోని పోయేంత ఎత్తుండాలె.

రిటైర్డ్_ఇంజనీర్ | సోమవారం మధ్యాహ్నం 2:02

రైతుబిడ్డ తమ్ముడూ, నువ్వు రాసింది ప్రతి డిజైనరూ చదవాలి. మనుషులకి, పశువులకి కట్టే చిన్న అండర్‌పాస్ వేరు, బండ్లకి కట్టేది వేరు. చిన్నది కడితే ఖర్చు తగ్గుతుంది, కాగితం మీద "అండర్‌పాస్ ఇచ్చాం" అని రాసుకోవచ్చు. లోడు ట్రాక్టర్ పట్టదు, అది మళ్లీ పైకే వస్తుంది. ఊరివాళ్లు అడగాల్సింది కొలతలు. ఎత్తెంత, వెడల్పెంత, నీళ్లు ఎటు పోతాయి. ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి.

గొల్లపూడి_సరుకు | సోమవారం సాయంత్రం 5:30

రైతు సోదరుడి మాట చదివాక నా మాట కొంచెం సవరించుకుంటున్నాను. నా బండి డ్రైవర్లు ట్రాక్టర్లనీ బైకుల్నీ తిట్టుకుంటూ వస్తారు, నేనూ తిట్టాను. అవతలి వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు.

కానీ ఒకటి. అండర్‌పాసులన్నీ అయ్యాకే వరుసలు వేయాలంటే ఒప్పుకోను. రెండూ ఒకే టెండర్లో, ఒకేసారి.

హ్యూస్టన్_తెలుగు | మంగళవారం ఉదయం 4:48

మాది మొదట సూర్యాపేట, ఇరవై ఏళ్లుగా హ్యూస్టన్‌లో ఉంటున్నాం. రోడ్డు వెడల్పు చేస్తే ఏమవుతుందో చెప్పడానికి మా ఊరు పేరే అందరూ తీస్తారు కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ కేటీ ఫ్రీవే అని ఉంది. మన తెలుగు కుటుంబాలు చాలా ఉండే కేటీ వైపు వెళ్లే రోడ్డు. విపరీతమైన రద్దీ అని 2003లో వెడల్పు పని మొదలుపెట్టి 2008లో పూర్తి చేశారు, దాదాపు 280 కోట్ల డాలర్ల ఖర్చు. మెయిన్ వరుసలు, మధ్యలో టోల్ వరుసలు, పక్కన ఫ్రంటేజ్ రోడ్లు అన్నీ కలిపితే కొన్నిచోట్ల 26 వరుసలు. మొదట్లో హాయిగా ఉండేది. తర్వాత 2011కీ 2014కీ మధ్యలోనే పొద్దున ఆఫీసుకెళ్లే ప్రయాణం 30 శాతం, సాయంత్రం తిరుగు ప్రయాణం 55 శాతం పెరిగాయి. రోడ్డు ఖాళీగా ఉందని ఇంకా దూరంగా ఇళ్లు కట్టారు, ఇంకా ఎక్కువమంది కార్లలో బయల్దేరారు. నేనూ అలాగే దూరంగా ఇల్లు కొన్నవాణ్ణి.

ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలు తీసి ఇదే చెప్పారు. నగరంలో హైవే వరుసలు ఎంత శాతం పెరిగితే బండ్లు తిరిగే దూరం కూడా ఇంచుమించు అంత శాతమే పెరుగుతుందని.

హైదరాబాద్ వైపు చివర మీరు చూడబోయేది ఇదే అని నా భయం. హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాకా వెంచర్ల బోర్డులు ఇప్పటికే నిండిపోయాయి కదా.

గొల్లపూడి_సరుకు | మంగళవారం ఉదయం 9:10

అమెరికాలో ఇంటికి రెండు కార్లు. మన దగ్గర సిమెంటు లారీ, ఆర్టీసీ బస్సు, ట్రాక్టర్, బైకు, అన్నీ ఒకే రోడ్డు మీద. ఆ లెక్క ఇక్కడ ఎలా అతుకుతుంది?

రిటైర్డ్_ఇంజనీర్ | మంగళవారం ఉదయం 10:25

ఇద్దరూ చెరో ముక్క పట్టుకున్నారు. ఈ రోడ్డు అంతా ఒకే రోడ్డు కాదు.

ఎల్బీ నగర్ నుంచి మల్కాపూర్ దాకా ఉన్నది ఊరి రోడ్డు. అక్కడ హ్యూస్టన్ మిత్రుడు చెప్పిందే జరుగుతుంది. ఎంత వెడల్పు చేసినా కొత్త కాలనీలు దాన్ని నింపేస్తాయి. మెట్రో, సిటీ బస్సులు, ఔటర్ దగ్గరే దిగి ఎక్కే ఏర్పాట్లు లేకుండా వరుసలు మాత్రమే పెంచితే ఫలితం కొన్నాళ్లే. చిట్యాల నుంచి నందిగామ దాకా ఉన్నది వేరే రోడ్డు. అక్కడ రద్దీ రోజూ ఆఫీసులకెళ్లేవాళ్లది కాదు, సరుకుదీ దూరప్రయాణాలదీ. అక్కడ మూడో వరుస చాలా కాలం పనికొస్తుంది. మళ్లీ ఇబ్రహీంపట్నం దగ్గర్నుంచి విజయవాడ ఊరి రోడ్డు.

ఇక సంక్రాంతి రద్దీ. ఏడాదిలో నాలుగు రోజుల కోసం ఏ దేశమూ రోడ్డు కట్టదు. పండగ రోజుల్లో వెనక్కి తన్నేది ఎక్కువగా టోల్ గేట్లు, సర్కిళ్లు, పనులు జరుగుతున్న చోట్లు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక గేటు దగ్గర ఆగే సమయం తగ్గింది. కానీ ఒక్క బండి ట్యాగ్ పనిచేయకపోతే ఆ వరుస మొత్తం ఆగుతుంది. ఆ నాలుగు రోజులకి గుంటూరు, ప్రకాశం వెళ్లేవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర దిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి రోడ్డు పట్టుకోవడమే మేలు. కాకపోతే అక్కడా జాగ్రత్తగా నడపాలి. 2018 ఆగస్టులో నందమూరి హరికృష్ణ గారు పోయింది ఆ రోడ్డు మీదే.

పది_చక్రాల_బండి | మంగళవారం రాత్రి 11:50

అన్నలూ, నేను ఇరవై రెండేళ్లుగా లారీ నడుపుతున్నా. జగ్గయ్యపేట నుంచి సిమెంటు, హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఏది దొరికితే అది. ఫోన్లో రాస్తున్నా, తప్పులుంటే మన్నించండి.

ఆగి ఉన్న లారీని కారు గుద్దిందని వార్త వస్తే అందరూ డ్రైవర్నే తిడతారు. రోడ్డు మీద ఎందుకు ఆపాడు అని. నిజంగా ఎక్కడ ఆపాలో చెప్పండి. రాత్రి రెండింటికి కళ్లు మూతలు పడుతుంటే దాబా దాకా నడపమంటారా? దాబా దగ్గర స్థలం నిండిపోయి ఉంటుంది. టోల్ గేటు దాటాక కొంచెం ఖాళీ, అక్కడా గంటకే లేపుతారు. టైరు పేలితే ఎక్కడ పేలితే అక్కడే ఆగాలి. నేను వెనక చెట్టుకొమ్మలు పెడతా, రాళ్లు పెడతా, తర్వాత ఆ రాళ్లు తీసేసి పోతా. తీయకుండా పోయేవాళ్లున్నారు, పొద్దున బైకువాడు వాటికి తగిలి పడతాడు.

వెనక ఎర్ర రేడియం పట్టీ మాసిపోతే వంద మీటర్ల దాకా లారీ కనపడదు. సిమెంటు దుమ్ముకి నెలకే మాసిపోతుంది. నేను ప్రతి లోడుకీ తుడుస్తా. మా తమ్ముడు ఇలాగే ఆగి ఉన్న బండిని గుద్దాడు. క్యాబిన్లోంచి తీయడానికి రెండు గంటలు పట్టింది. బతికాడు, కాలు పోయింది.

ఆరు వరుసలు వేసినా లారీలు ఆగడానికి చోటు కట్టకపోతే ఆ మూడో వరుసే పార్కింగ్ అవుద్ది. రాసి పెట్టుకోండి. ముప్పై నలభై కిలోమీటర్లకి ఒకటి, లైటు, నీళ్లు, బాత్రూం, కాపలా. డీజిల్ దొంగల భయం లేకుండా నాలుగు గంటలు నిద్రపోవాలి. అంతే మేం అడిగేది.

అత్యవసర_నర్సు | బుధవారం ఉదయం 5:40

డ్యూటీ దిగి రాస్తున్నాను. హైవే పక్క ఆసుపత్రిలో ఎమర్జెన్సీలో పని చేస్తాను, ఊరి పేరు చెప్పను.

పై అన్న రాసింది చదివాక నిద్ర పట్టలేదు. ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దిన కేసులు మా దగ్గరికి తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య వస్తాయి. కారు ముందు భాగం లారీ కిందికి పోతుంది, దెబ్బ తలకీ ఛాతీకీ. సీటు బెల్టు ఉన్నా కాపాడలేని దెబ్బలవి. కేంద్ర ప్రభుత్వం 2022 లెక్కల్లో దేశం మొత్తం ప్రమాదాల్లో ఐదో వంతు పైన, 21 శాతం, ఇలా వెనక నుంచి గుద్దినవే. ఆ ఏడాది దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారు. రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతం దాకా, చావుల్లో మూడో వంతు పైన.

రెండు విషయాలు అందరికీ తెలియాలి. జాతీయ రహదారి మీద ఎక్కడ ఏం జరిగినా 1033కి ఫోన్ చేయండి. కిలోమీటరు రాయి మీద నంబరు చూసి చెప్తే అంబులెన్సు వెతుక్కోకుండా వస్తుంది. రెండోది, గాయపడినవాళ్లని తీసుకొచ్చినవాళ్లని పోలీసు కేసులో ఇరికించకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. మీ పేరు కూడా బలవంతంగా అడగకూడదు. ఇప్పటికీ చాలామంది గేటు దగ్గర దింపేసి భయంతో వెళ్లిపోతున్నారు. లోపలికి రండి. ఎప్పుడు, ఎలా జరిగిందో మీరు చెప్పే ఒక్క ముక్క మాకు చాలా ఉపయోగం.

కోదాడ_రాత్రిబస్సు | బుధవారం ఉదయం 7:15

నమస్కారం సిస్టర్. 1033 నంబరు ఇప్పుడే సేవ్ చేసుకున్నా. ఇన్నేళ్లుగా ఈ రోడ్డు మీద తిరుగుతూ కిలోమీటరు రాయి చూసి చెప్పాలన్న సంగతి నాకు తెలియదు.

నందిగామ_నాగమణి | బుధవారం మధ్యాహ్నం 12:30

అందరూ వెడల్పు గురించే మాట్లాడుతున్నారు, ఎత్తు గురించి ఎవరూ అనట్లేదు. మాది ఐతవరం పక్కనే.

2023 జులై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి, బండ్లన్నీ ఆగిపోయాయి. మళ్లీ 2024 సెప్టెంబరు ఒకటిన అంతకంటే పెద్దగా వచ్చింది. అదే రోజు అటు పాలేరు పొంగి రామాపురం క్రాస్ రోడ్డు దగ్గర రాకపోకలు ఆగాయి. రెండు రాష్ట్రాల మధ్య రోడ్డు రెండు చోట్ల తెగినట్టయింది. మా ఇంటి ముందు ఆగిన బస్సుల్లోని పిల్లలకి మా వీధిలోవాళ్లం అన్నం వండి పెట్టాం. ఒకావిడ నిండు గర్భిణి. ట్రాక్టర్ మీద ఎక్కించి ఊరి వెనక మట్టిరోడ్డున పంపించాం.

రోడ్డుని వెడల్పు చేస్తూ కట్టని అలాగే ఉంచితే అది వాగుకి అడ్డం కట్టిన పెద్ద గట్టవుతుంది. నీళ్లు పోయే తూములు పెంచకపోతే పైనున్న పొలాలు మునుగుతాయి, ఆ తర్వాత రోడ్డూ మునుగుతుంది. ఆరు వరుసలు మునిగినా నాలుగు వరుసలు మునిగినా అవతలికి పోలేనిది పోలేనిదే. మున్నేరు మీద కీసర వంతెన, ఐతవరం కట్ట, పాలేరు వంతెన, ఈ మూడు చోట్లా 2024 నీటిమట్టం గుర్తు పెట్టుకుని కట్టమని అడగాలి. మా ఊరి గోడల మీద ఆ మట్టి చార ఇంకా ఉంది. కావాలంటే వచ్చి కొలుచుకోవచ్చు.

రిటైర్డ్_ఇంజనీర్ | బుధవారం మధ్యాహ్నం 1:05

అమ్మా, ఇది నాకు ముందే తట్టాల్సింది. ఆ మట్టి చారల ఫొటోలు స్కేలు పక్కన పెట్టి తీయండి, తారీఖు రాయండి. వరద మట్టం గురించి డిజైన్ వాళ్ల దగ్గర ఉండే లెక్క చాలాసార్లు పాతది. ఊరి గోడ కంటే మంచి సాక్ష్యం ఉండదు.

కట్టంగూరు_కిరాణం | బుధవారం రాత్రి 8:40

నా కొట్టు రోడ్డు మొహానే ఉంది. నాలుగు లైన్లప్పుడు మా నాయన సగం జాగ ఇచ్చిండు, వెనక్కి జరిగి మళ్లీ కట్టుకున్నాం. ఇప్పుడు మళ్లీ కొలుస్తరేమోనని ఇంట్ల భయం.

నాకు కోపం లేదు. కానీ ఊరి మధ్యల ఫ్లైఓవర్ వేసి కింద గోడ కడితే ఊరు రెండు ముక్కలైతది, గిరాకీ పోతది. స్తంభాల మీద వేస్తే కింద మనుషులు, బండ్లు అటూ ఇటూ తిరగొచ్చు. ఖర్చు ఎక్కువని గోడల మధ్య మట్టి పోసి లేపుతరు. ఊరోళ్ల మాట ముందే అడిగితే బాగుండు.

హ్యూస్టన్_తెలుగు | గురువారం ఉదయం 5:20

కిరాణం అన్నా, మీ మాట మీద ఒకటి చెప్పాలి. మొన్న కేటీ ఫ్రీవే గురించి చెడ్డే రాశాను, మంచి కూడా చెప్పాలి. దాని పక్కన రెండు వైపులా ఫ్రంటేజ్ రోడ్డు ఉంది. మన సర్వీసు రోడ్డు లాంటిదే. కొట్లు, ఇళ్లు, పెట్రోలు బంకులు అన్నీ దాని మీదే. అడ్డంగా పోయే వీధులు ఫ్రీవే కిందనుంచో పైనుంచో పోతాయి. అందుకని ఎంత రద్దీ ఉన్నా, పాలప్యాకెట్ కోసం ఎవరూ ఫ్రీవేని అడ్డంగా దాటక్కర్లేదు. రద్దీ తగ్గించడంలో అది ఓడిపోయినా ఆ పని బాగా చేసింది.

మూసీ_గట్టు | గురువారం ఉదయం 9:00

ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే సంగతి ఎవరికైనా తెలుసా? అది మొదటి నుంచీ ఆరు వరుసలే, అయినా 2016లో అక్కడ 151 మంది చనిపోయారని చదివాను.

రిటైర్డ్_ఇంజనీర్ | గురువారం ఉదయం 9:45

తెలుసు. అదే సరైన ఉదాహరణ. 2016 నుంచి అక్కడ ఒక్కో ప్రమాదం జరిగిన చోటికి వెళ్లి కారణం వెతికి పని చేశారు. గార్డ్ రైలు లేని చోట వేశారు, ఆగిన లారీలని వెంటనే తీయించారు, వేగం మీద నిఘా పెట్టారు. 2020కి చావులు 66కి దిగాయి. ఆ ఏడాది లాక్‌డౌన్ కూడా ఉంది కాబట్టి మొత్తం తగ్గుదల ఈ పని వల్లేనని అనను, కానీ అంతకుముందు ఏళ్లలోనూ మొత్తమ్మీద తగ్గుతూ వచ్చింది. ఒక్క వరుస కూడా పెంచకుండానే.

మన ఔటర్ రింగు రోడ్డూ అంతే. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు, బైకులకి ప్రవేశం లేదు, అడ్డంగా దాటేవాళ్లు లేరు. అయినా ఆగి ఉన్న లారీలని గుద్దుకుని పోతూనే ఉన్నారు. లారీ అన్న చెప్పిన చోటు, రైతుబిడ్డ చెప్పిన అండర్‌పాస్, నాగమణి గారు చెప్పిన తూము, టీచర్ గారి బడి ముందు వంతెన. వరుసలకి పెట్టే డబ్బుతో పోలిస్తే ఇవి చిన్న ఖర్చులు. టెండర్ రాసేటప్పుడే చేర్చకపోతే తర్వాత ఎవరూ చేర్చరు. ఖరారయ్యాక మార్చడం ఎంత కష్టమో నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా అంటున్నాను.

రైలు_మేలు | గురువారం మధ్యాహ్నం 3:10

బీబీనగర్–గుంటూరు రైలు మార్గం 239 కిలోమీటర్లు, ఒక్క లైనే. డబ్లింగ్‌కి, అంటే రెండో లైను వేయడానికి, 2023లో కేంద్రం ఒప్పుకుంది. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా పోయే లైను అది. ఆ పని తొందరగా అయితే సిమెంటు కొంతైనా పట్టాలెక్కుతుంది. దాని గురించి కూడా అడగండి.

నిర్వాహకులు | గురువారం సాయంత్రం 6:00

చర్చ చాలా బాగా సాగుతోంది. ఊళ్లవారీగా వివరాలు రాస్తే వినతిపత్రంగా కూర్చి కలెక్టర్ కార్యాలయాలకీ, హైవే ప్రాజెక్టు డైరెక్టర్‌కీ ఇవ్వవచ్చని నలుగురైదుగురు సందేశాలు పంపారు. ఇక్కడే రాయండి. ఊరు, దాటే చోటు, ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఎవరు దాటుతారు, ఏం కావాలి. మనుషుల పేర్లు వద్దు.

పది_చక్రాల_బండి | గురువారం రాత్రి 9:30

లారీలు ఎక్కడెక్కడ ఆగుతాయో నాకు కంఠతా వచ్చు. ఈ వారం పోయేటప్పుడు కిలోమీటరు రాళ్ల నంబర్లు రాసుకొస్తా, ఇటు వైపువీ అటు వైపువీ వేరువేరుగా.

ముకుందాపురం_టీచర్ | గురువారం రాత్రి 9:52

మా చోటు నేను రాస్తాను. తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక రోజంతా ఎంతమంది దాటుతున్నారో లెక్క పెట్టిస్తాను. రోడ్డుకి దూరంగా, బడి అరుగు మీద కూర్చోబెట్టి.

ఆకుపాముల_రైతుబిడ్డ | గురువారం రాత్రి 10:04

మా ట్రక్కుకు గడ్డి లోడు ఎత్తి, కింది నుంచి మీద దాక టేపుతోని కొలిసి రేపు పొద్దుగాల పెడత. గదే అండర్‌పాస్ ఎత్తని రాయండి.

గొల్లపూడి_సరుకు | గురువారం రాత్రి 10:20

వినతిపత్రం కాపీలు, బైండింగు ఖర్చు నాది. ఇబ్రహీంపట్నం నుంచి గొల్లపూడి దాకా దాటే చోట్లు నేను తిరిగి చూస్తాను. ఇన్నాళ్లూ కార్లోంచి చూశాను, ఆదివారం నడిచి వెళ్తాను.

మూసీ_గట్టు | గురువారం రాత్రి 10:47

నకిరేకల్ నుంచి మూసీ వంతెన దాకా నేను రాస్తాను. మొదటిది మా చిన్నాయన దాటిన సందు. ఇప్పుడు దానికి అడ్డంగా రెండు డ్రమ్ములు పెట్టారు. వాటి పక్కనుంచే ఇంకా దాటుతున్నారు.